పనిచేయని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టిన పిల్ల

2022వ సంవత్సరం, డిసెంబరు నెల. భద్రాచలం దాటి అడవిలోకి పోయే రోడ్డు పక్కన, ఒక గిరిజన ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నేను కంప్యూటర్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తున్నాను. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల వాళ్ళకు వారానికి మూడేసి పీరియడ్లు. అప్పటికి నాకది నాలుగో ఏడు. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి ప్రతి మార్చిలో రెన్యువల్ కావాలి, అంటే ఇంకో ఏడాది ఉంచుకుంటామని పైనుంచి కాగితం రావాలి. అది వచ్చేదాకా నాకు అన్నం సయించేది కాదు. మాది సత్తుపల్లి దగ్గర ఊరు. తాత కోస్తా నుంచి వచ్చి పొలం కొన్నాడు, నాన్న పామాయిల్ తోట వేశాడు, నేను ఎంసీఏ చదివి అటు తోటకూ ఇటు హైదరాబాద్‌కూ కాకుండా పోయాను. ఇంట్లో నన్ను ‘కంప్యూటర్ సారు’ అని వెక్కిరించేవాళ్ళు. బడిలో పిల్లలు అదే పేరుతో మర్యాదగా పిలిచేవాళ్ళు. ఆ మర్యాద నాకు బాగా రుచించేది.

కంప్యూటర్ టీచరంటే ఏసీ గది, చక్రాల కుర్చీ అనుకుంటారు చాలామంది. మా ల్యాబ్ హాస్టల్ బియ్యం గదికి ఆనుకుని ఉండేది. బియ్యం కోసం వచ్చిన ఎలుకలు నోరు మార్చుకోవడానికి మా గదిలోకొచ్చి వైర్లు కొరికేవి. వానాకాలమంతా గోడలకు చెమ్మ. లో వోల్టేజీకి ఎస్‌ఎంపీఎస్‌లు పోయేవి. ఎస్‌ఎంపీఎస్ అంటే సీపీయూ డబ్బాలో ఉండి, వచ్చిన కరెంటును కంప్యూటర్‌కు సరిపడా మార్చి ఇచ్చే చిన్న పెట్టె. అది పోతే మిగతాదంతా బాగున్నా సిస్టం లేవదు. మా పదకొండు సిస్టంలలో ఆ డిసెంబరు నాటికి నాలుగే నడుస్తున్నాయి. ఒక్కోదాని ముందు ఎనిమిదేసి మంది పిల్లలు. పీరియడ్ మొత్తంలో మౌస్ ఒక్కసారి చేతికొస్తే ఆ పిల్లకు ఆ రోజు పండుగే. మిగతా పాఠం బోర్డు మీద సుద్దముక్కతో కీబోర్డు గీసి చెప్పేవాణ్ణి.

అయితే కాగితం మీద మా పదకొండూ బ్రహ్మాండంగా నడుస్తున్నాయి. ప్రతి నెలా ఆన్‌లైన్‌లో కండిషన్ రిపోర్టు పంపాలి. ఏ సిస్టం పనిచేస్తోంది, ఏది పనిచేయడం లేదు అని ఒక్కోదాని ఎదురుగా టిక్కు పెట్టాలి. మొదటి సిస్టం పోయినప్పుడు నేను నిజాయితీగానే ‘పనిచేయడం లేదు’ అని పెట్టబోయాను. ప్రిన్సిపల్ మేడం ఆపారు.

“గట్ల పెడితే ఎందుకు పాడైందో చెప్పమని మెమో వస్తది. నాకొస్తది, నీకొస్తది. మార్చిల నీ రెన్యువల్ ఉంది గద, ఎందుకు లేనిపోని లొల్లి?” అన్నారు.

మేడంని తప్పుపట్టను. ఆమె సలహా ఇచ్చారు, టిక్కు పెట్టింది నేను. ఒకటికి పెట్టాక రెండోదానికి పెట్టడం కష్టం కాలేదు. ఏడోదానికి వచ్చేసరికి అసలు ఆలోచించనే లేదు.

పదో తరగతిలో భూలక్ష్మి అనే కోయ పిల్ల ఉండేది. వాగు దాటితే రోడ్డు లేని ఊరు. ఐదో తరగతిలో ఇక్కడికి వచ్చినప్పుడు తెలుగు రాక మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదట. నాకు తెలిసేనాటికి మాత్రం బాగా మాటకారి. చిన్న తరగతుల్లో చేరే కోయ పిల్లలకు జ్వరమొస్తే ఎక్కడ నొప్పో నర్సుకు చెప్పుకోలేకపోతున్నారని, ఆ పిల్ల ఎక్సెల్‌లో ఒక పట్టిక తయారుచేసింది. ఒక నిలువు వరుసలో కోయ మాట తెలుగు లిపిలో, పక్కన తెలుగు మాట, దాని పక్కన అది ఒంటికి సంబంధించిందా, తిండికా, నొప్పికా అని. మూడు వందల పైచిలుకు మాటలు. ‘నొప్పి’ అని ఎంచుకుంటే ఆ మాటలే పైకి వచ్చేలా ఫిల్టర్ కూడా పెట్టింది. ఫిల్టర్ నేను నేర్పలేదు. మెనూలు ఒక్కొక్కటే తెరిచి చూసి తనే కనిపెట్టింది. నర్సు దాన్ని ప్రింటు తీయించుకుని గోడకు అంటించుకుంది. నా నాలుగేళ్ల ఉద్యోగంలో ల్యాబ్ నుంచి బయటికి వెళ్ళి ఎవరికైనా పనికొచ్చింది అదొక్కటే.

ఆ నెలలో హైదరాబాద్ నుంచి ఒక ఆఫీసర్ గారు వస్తున్నారని కబురొచ్చింది. ల్యాబ్ చూసి, పదో తరగతిలో ఒక పిల్లను ఎంపిక చేస్తారు. ఎంపికైన పిల్లకు వేసవిలో హైదరాబాద్‌లో నెల రోజుల శిక్షణ, ఆ తర్వాత ఇంటర్‌లో కంప్యూటర్ కోర్సున్న గురుకుల కాలేజీలో నేరుగా సీటు. అది ఎవరికి రావాలో బడిలో వంటమనిషిని అడిగినా చెప్పేది. భూలక్ష్మి కూడా ఆశ దాచుకోలేదు.

“సార్, ఆడ ఒక్కొక్కరికి ఒక్కో సిస్టం ఉంటదంటగా?” అని అడిగింది.

“ఉంటుంది. నువ్వు వెళ్ళి చూసి నాకు చెప్పు” అన్నాను.

నాకు మాత్రం సీటు కంటే ముందు గుర్తుకొచ్చింది నేను పెట్టిన ఏడు టిక్కులు. ఆఫీసర్ వచ్చి చూస్తే నాలుగే నడుస్తున్నాయి. రెండు రోజులు కూర్చుని ఉపాయం ఆలోచించాను. నడిచే నాలుగు సిస్టంలనూ ముందు వరుసలోకి మార్చాను. వెనక వరుసల్లో చెడిపోయినవి పెట్టి, వాటి మానిటర్లకు మాత్రం కరెంటు ఇచ్చాను. సీపీయూ చచ్చిపోయినా మానిటర్‌కు కరెంటుంటే దాని కింద చిన్న నారింజ రంగు లైటు వెలుగుతుంది. దూరం నుంచి చూసేవాళ్ళకు సిస్టం ఆన్‌లో ఉన్నట్టే ఉంటుంది. తెర నల్లగా ఎందుకుందని ఎవరైనా అడిగితే “స్లీప్ మోడ్‌లోకి పోయింది సార్” అనాలని పిల్లలకు నేర్పాను. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే కంప్యూటర్ కరెంటు ఆదా కోసం తెర ఆర్పేసుకుంటుంది, దాన్నే స్లీప్ మోడ్ అంటారు. పిల్లలు చేత మౌస్ పట్టుకుని నల్లటి తెర వైపు చూస్తూ ఆ మాట ముక్తకంఠంతో వల్లెవేశారు. కొందరు కిసుక్కున నవ్వారు. కసిరాను.

భూలక్ష్మిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది నా అతితెలివికి పరాకాష్ఠ. ముందు వరుసలో ఎవరు కూర్చున్నా తయారుగా ఉన్న ఫైలు తెరిచి చూపిస్తే చాలు. భయమంతా వెనక వరుస గురించే. ఆఫీసర్ అక్కడిదాకా వస్తే మాటలతో నిలబెట్టి, తెర వైపు చూడనివ్వకుండా చేయగలిగే పిల్ల కావాలి. అందుకని భూలక్ష్మిని వెనక వరుసలో, చివరి సిస్టం ముందు కూర్చోబెట్టాను. ఆమె చేసిన మాటల పట్టికను ముందు వరుసలో రెండో సిస్టంలో పెట్టి, మౌనిక అనే పిల్లకు అప్పజెప్పాను.

“నేను ముందు కూసోనా సార్? నా ఫైలు నేనే చూపిస్త” అంది భూలక్ష్మి.

“నువ్వైతే మాటలతో నెట్టుకొస్తావమ్మా. వాళ్ళ వల్ల కాదు. ఆఫీసర్ గారు నీ దగ్గరికి వచ్చినప్పుడు పట్టిక నీదేనని నేను చెబుతాగా” అన్నాను.

“సరే సార్” అని వెళ్ళి కూర్చుంది.

ఆఫీసర్ గారు పదకొండు గంటలకు వచ్చారు. చెడ్డ మనిషి కాదు. పిల్లలను పేర్లు అడిగి, ఊళ్ళు అడిగి, ఓపిగ్గా విన్నారు. రెండో సిస్టం దగ్గర మౌనిక పట్టిక తెరిచి, ఫిల్టర్ పెట్టి ‘నొప్పి’ మాటలు చూపించేసరికి వంగి చూశారు. “ఎవరు చేశారమ్మా ఇది?” అన్నారు. మౌనిక నా వైపు చూసింది. “మేమే చేసినం సార్” అంది. అలా అనమని నేనే చెప్పాను. ఆయన మేడం వైపు తిరిగి “చాలా బాగుంది” అన్నారు. మేడం నా వైపు చూసి తల ఊపారు. అప్పుడే చెప్పాల్సింది, అదిగో ఆ చివర కూర్చున్న పిల్ల చేసిందని. కానీ అలా చెబితే ఆయన ఆ చివరికి వెళతారు. అందుకని నోరు మూసుకున్నాను.

అయినా ఆయన వెళ్ళారు. వెనక వరుసలో మొదట ఇద్దరిని దాటి సరిగ్గా భూలక్ష్మి దగ్గర ఆగారు.

“స్క్రీన్ నల్లగా ఉందేంటమ్మా?”

“స్లీప్ మోడ్‌ల ఉంది సార్” అంది. అని ఊరుకోకుండా, స్లీప్ మోడ్ అంటే ఏమిటో, దానికీ షట్‌డౌన్‌కీ తేడా ఏమిటో గడగడా చెప్పింది. ఆయన ముచ్చటపడ్డారు.

“వెరీ గుడ్. అయితే ఒకసారి లేపు” అన్నారు.

నేను నేర్పించిన పాఠంలో ఆ ప్రశ్న లేదు. భూలక్ష్మి మౌస్ కదిపింది. ఏ కీ నొక్కినా లేవదని ఆమెకు తెలుసు, అయినా స్పేస్‌బార్ నొక్కింది, ఎంటర్ నొక్కింది. తెర నల్లగానే ఉంది. తలెత్తి నా వైపు చూసింది. “చెప్పెయ్యనా సార్” అని అడుగుతున్న చూపు అది. నేను కిటికీ వైపు తిరిగాను. కిటికీలో చూడ్డానికి ఏమీ లేదు.

“నాకు వస్తలేదు సార్” అంది భూలక్ష్మి. “నాకు ఇంక సరిగ్గ నేర్వరాలే.”

“పదో తరగతిలో ఉండి స్లీప్‌లో ఉన్న సిస్టం లేపడం రాదా? ఇంతసేపూ బట్టీ పట్టిందేనా చెప్పావు?” అన్నారాయన. కోపంగా కాదు, ఉసూరుమన్నట్టు అన్నారు. తర్వాత నన్ను అడిగారు, “ఏమండీ, ఈ అమ్మాయి ఎలా చదువుతుంది?”

ఇక్కడిదాకా చెప్పింది చాలామంది చేసే పనే అని సర్దిచెప్పుకోవచ్చు. తర్వాత నేనన్న మాటకు ఏ సర్దుబాటూ లేదు.

“కొంచెం వెనకబడిన పిల్లండీ. లోపలి అడవి ఊళ్ళ నుంచి వస్తారు కదా, ఇంటి దగ్గర ఇవేవీ చూసి ఉండరు. ఎంత చెప్పినా ఎక్కడానికి టైం పడుతుంది.”

ఎవరో తరుముకొస్తున్నట్టు గబగబా అనలేదు. నిదానంగా, బాధ్యతగల ఉపాధ్యాయుడు మాట్లాడే గొంతుతో అన్నాను. ఆ మాటలు నోటికి అంత సిద్ధంగా ఎలా ఉన్నాయో అని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. మా ఊళ్ళో, మా ఇంట్లో, బస్సులో, స్టాఫ్ రూంలో చిన్నప్పటి నుంచి విన్న మాటలే అవి. నేను వాటిని నమ్మనని అనుకునేవాణ్ణి. అవసరం పడేసరికి వెతుక్కోవాల్సిన పని లేకుండా వచ్చేశాయి. భూలక్ష్మి రెండడుగుల దూరంలో నిలబడి అంతా విన్నది. ఆయన జాలిగా తల ఊపి, ఆమె భుజం తట్టి ముందుకు నడిచారు. మిగతా సిస్టంలు చూడనే లేదు. నా ఉద్యోగం నిలబడింది. మౌనిక ఎంపికైంది.

ఆ సాయంత్రం స్టడీ అవర్ ముందు మౌనిక ల్యాబ్‌కి వచ్చి గడప దగ్గర నిలబడింది. “సార్, నేను పోను. అది చేసిన పట్టిక చూపిచ్చి నేను పోవుడేంది? దాన్ని పంపుండ్రి” అంది. పద్నాలుగేళ్ల పిల్ల, నాకు దారి చూపించడానికి వచ్చింది. ఆఫీసర్ గారు ఆ రాత్రికి భద్రాచలంలోనే ఉంటారని నాకు తెలుసు. ఆయన నంబరు మేడం దగ్గర ఉంది. “పేరు రాసుకుని వెళ్ళారమ్మా, ఇక మార్చడానికి ఉండదు. నువ్వు బాగా నేర్చుకుని వచ్చి దానికి నేర్పు” అన్నాను. మౌనిక వెళ్ళిపోయింది.

భూలక్ష్మి వారం రోజులు మామూలుగానే క్లాసుకు వచ్చింది. మౌస్ వంతు వచ్చినప్పుడు పక్క పిల్లకు ఇచ్చేసేది. తర్వాత ఖాళీ పీరియడ్లలో ల్యాబ్‌కి రావడం మానేసి, లైబ్రరీ పుస్తకాలు సర్దే పనిలో పేరు వేయించుకుంది. ఆ పిల్ల కనబడకపోతే నాకు హాయిగా ఉండేది. అప్పటి ఆ హాయి గుర్తొస్తే ఇప్పుడు నా మొహం నేను అద్దంలో చూసుకోలేను.

మార్చిలో రెన్యువల్ కాగితం వచ్చింది. మే నెలలో పదో తరగతి ఫలితాలు వచ్చాక, పిల్లలు ఇంటర్ దరఖాస్తుల కోసం బడికి వచ్చారు. ఇక్కడ ఆన్‌లైన్ ఫారాలన్నీ నింపేది కంప్యూటర్ సారే. తల్లిదండ్రులు పక్కన కూర్చుంటారు, నేను అడుగుతూ టైపు చేస్తాను. భూలక్ష్మి వాళ్ళ నాన్నతో వచ్చింది. బీడీలకు వాడే తునికాకు కోసే రోజులు, ఒక రోజు పని మానుకుని వచ్చాడాయన. ఆమెకు మార్కులు బాగా వచ్చాయి. నేరుగా వచ్చే సీటు పోయినా, ఫారంలో కంప్యూటర్ కోర్సును మొదటి ఆప్షన్‌గా పెట్టుకుంటే ఆ మార్కులకు తప్పకుండా వస్తుంది. నాకు ప్రాణం లేచివచ్చింది. చేసిన తప్పు దిద్దుకునే అవకాశం దానంతటదే నా కుర్చీ పక్కకు వచ్చి కూర్చుందనుకున్నాను.

“మొదటి ఆప్షన్ కంప్యూటర్ కోర్సు పెడుతున్నానమ్మా” అన్నాను.

“వద్దు సార్. హెల్త్ వర్కర్ కోర్సు పెట్టుండ్రి” అంది.

“అదేంటి? నీకు ఇష్టం కదా?”

ఆమె వాళ్ళ నాన్న వైపు చూసింది. వాళ్ళ నాన్న నా వైపు తిరిగాడు. “మా పిల్లకు ఏది వస్తదో, ఏది రాదో మాకేం ఎరుక సారూ. మూడేండ్ల సంది మీ చేతుల చదివింది. మీరు ఎట్ల చెప్తే గట్లనే” అన్నాడు. దరఖాస్తు ముందుకు కదలాలంటే ఆయన ఫోన్‌కు ఓటీపీ రావాలి, అంటే ఒక్కసారికి పనికొచ్చే అంకెల మెసేజి. ల్యాబ్‌లో సిగ్నల్ అందదు. ఆయన ఫోన్ పట్టుకుని గేటు దాకా నడిచాడు. గదిలో నేనూ, ఆ పిల్లా మిగిలాం.

“ఆ రోజు సిస్టం పాడైందని మనిద్దరికి తెలుసు సార్” అంది భూలక్ష్మి నెమ్మదిగా. “అందుకే నేను రాదని చెప్పిన. అది అబద్ధమని నాకు తెలుసు. మీరు చెప్పింది గూడ అబద్ధమే అనుకున్న మొదట. మీరు తర్వాత పిలిచి చెప్తరని చూసిన. చెప్పలే. మీరు చెప్పింది సిస్టం గురించి కాదు గద సార్, నా గురించి. సార్‌లకు తెలుస్తది గద అనుకున్న.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. లెక్క చేసి చూసుకుని, వచ్చిన జవాబు చెబుతున్నట్టు చెప్పింది. ఐదు నెలలు ఆ పిల్ల నా పిలుపు కోసం చూసింది. చివరికి అబద్ధమాడింది నేనని కాక, తెలివి లేనిది తనకేనని తేల్చుకుంది. అప్పుడైనా చెప్పవలసిన మాట ఒకటే ఉంది. “నేను నా ఉద్యోగం కోసం నీ మీద అబద్ధం చెప్పాను, నా నాలుగేళ్లలో నీ అంత తెలివైన పిల్లను చూడలేదు.” రెండు వాక్యాలైనా కాదు. ఆమె ముందు అంత చిన్నవాణ్ణి కావడానికి నాకు మనసొప్పలేదు.

“అలా ఏం లేదమ్మా, నువ్వూ బాగానే చేస్తావు” అన్నాను.

అది మేము ప్రతి పిల్లకూ చెప్పే మాట. తప్పిన పిల్లలకు కూడా చెబుతాం. ఆమె ఆ మాటను ఎలా తీసుకోవాలో అలాగే తీసుకుని తల ఊపింది. వాళ్ళ నాన్న గేటు దగ్గర నుంచి గబగబా వచ్చి ఫోన్ నా చేతికిచ్చాడు. అంకెలు కొట్టాను. మొదటి ఆప్షన్ దగ్గర హెల్త్ వర్కర్ కోర్సు ఎంచుకున్నాను. సబ్మిట్ నొక్కింది కూడా నేనే. ఆయన రెండు చేతులూ జోడించి దండం పెట్టి వెళ్ళాడు.

జూన్‌లో బడి తెరిచాక కండిషన్ రిపోర్టులో ఏడింటికీ ‘పనిచేయడం లేదు’ అని పెట్టాను. మేడంని అడగలేదు. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. మెమో రాలేదు. నెల తిరగకముందే ఖమ్మం నుంచి ఇద్దరు మెకానిక్‌లు వచ్చి, ఎస్‌ఎంపీఎస్‌లు మార్చి, రెండు గంటల్లో ఐదు సిస్టంలు లేపి, టీ తాగి వెళ్ళిపోయారు. మేడం చూసి “ముందే పెడితే అయిపోతుండె గద” అన్నారు. నేను దేనికి భయపడి ఆ పిల్లను బలిపెట్టానో అది అసలు లేనే లేదు.

భూలక్ష్మి కోర్సు పూర్తిచేసి ఇప్పుడు మణుగూరు వైపు ఒక సర్కారు దవాఖానాలో శిక్షణలో ఉందని మౌనిక చెప్పింది. మంచి పని, బాగా చేస్తుందనే విన్నాను. దాన్ని చూపించి, అంతా మన మంచికే జరిగిందని ఒక తోటి ఉపాధ్యాయుడు నన్ను ఓదార్చబోయాడు. ఆ ఓదార్పు నేను తీసుకోలేదు. ఆమె బాగుపడింది తన వల్ల. నేను ఆమె నుంచి లాక్కున్నది లాక్కున్నదే.

ఇప్పుడు నా క్లాసులో చెడిపోయిన సిస్టం మీద కాగితం అంటించి ఉంటుంది, ఎవరొచ్చినా సరే. అది నేర్చుకోవడం తేలికే. కష్టమైనది వేరే ఉంది. నాలాంటివాడు పైవాళ్ళకు చెప్పుకునే సాకును పక్కన నిలబడ్డ పిల్ల తన గురించిన నిజంగా తీసుకుపోతుంది. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే మనమే ఆ పిల్ల దగ్గరికి నడిచి వెళ్ళి, అబద్ధమాడానని చెప్పాలి. ఇంకో దారి లేదు. మణుగూరుకు ఇక్కడి నుంచి బస్సుంది. నేను ఇంకా ఎక్కలేదు. ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీకు చెప్పడం తేలిక. మీరెవరూ ఆ రోజు ఆ గదిలో లేరు.